అరణ్యంలో అతిథి

అతిథి అనే శబ్దానికి ‘తిథి నియమం లేకుండా వచ్చేవాడు’ అనే అర్థం లోకప్రసిద్ధం. మనుస్మృతి తృతీయాధ్యాయం దీనికి మరొక నిర్వచనం ఇస్తున్నది. గృహస్థుని ఇంట ఒక్క రాత్రి మాత్రమే నివసించేవాడు అతిథి. అతని స్థితి అనిత్యం కనుకనే అతనికి ఆ పేరు వచ్చింది. అనగా అతిథి లక్షణం రాకలో కంటె పోకలో ఉన్నది. ఎంత పూజ్యుడైనా, ఎంత ఆదరణ పొందినా, తెల్లవారిన పిదప అతడు లేచి వెళ్ళిపోతాడు. ఆ ఇంటి నీరు, అన్నం, శయ్య అతని సేవకు వినియోగింపబడతాయి గాని అతని సొత్తు కావు.

1964లో అమెరికా దేశం వన్యభూముల రక్షణకై ఒక శాసనం చేసింది. వన్యభూమి అనగా ఏది అని నిర్ణయించవలసి వచ్చినప్పుడు, మానవుడు నిలిచి ఉండక వచ్చి వెళ్ళే సందర్శకుడిగా మాత్రమే ఉండే భూమి అనే భావాన్ని ఆ శాసనం ఆశ్రయించింది. ధర్మశాస్త్రం ఒక గృహాన్ని దృష్టిలో ఉంచుకొని చెప్పినదానిని, ఒక ఆధునిక శాసనం అరణ్యాన్ని దృష్టిలో ఉంచుకొని చెప్పింది. రెండింటి సారం ఒక్కటే. ఈ సామ్యం గ్రంథాలలో చదివి ఆనందించదగినది. అయితే ఒక తండ్రీ కుమారులకు అది ఒక సరస్సు తీరాన, ఒక అన్నపు ముద్ద ముందు, అనుభవంలోకి వచ్చింది.

సరస్సులు, వాటి నియమాలు

మిన్నెసోటా రాష్ట్రపు ఈశాన్య భాగంలో, కెనడా సరిహద్దును ఆనుకొని, సుపీరియర్ జాతీయారణ్యంలో ‘బౌండరీ వాటర్స్’ అనే సంరక్షిత ప్రాంతం కలదు. దాని విస్తీర్ణం సుమారు 11 లక్షల ఎకరాలు. అందులో వెయ్యికి పైగా సరస్సులు. పూర్వం హిమానీనదాలు శిలలను దొలిచి వెనుకకు తగ్గినప్పుడు ఏర్పడిన గుంటలే నేటి సరస్సులు. అక్కడి శిలలలో కొన్ని 250 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. లోపలికి రహదారి లేదు. కనూ అనే తేలికపాటి పడవలో తెడ్డు వేసుకుంటూ పోవాలి. ఒక సరస్సు ముగిసినచోట పడవను తలక్రిందులు చేసి భుజాలపై మోసుకుంటూ కాలిబాటన నడిచి తరువాతి సరస్సు చేరాలి. చాలా సరస్సులలో యంత్రపు పడవలు నిషిద్ధం. ఒక్క బృందంలో 9 మందికి, 4 పడవలకు మించరాదు. డబ్బాలలో, గాజుసీసాలలో ఆహారం తీసుకుపోరాదు. ఏ దినాన, ఏ ద్వారం నుండి ప్రవేశించాలో ముందుగానే నిర్ణయించి అనుమతి పత్రం ఇస్తారు. రాత్రి విడిది గుర్తించిన స్థలాలలో మాత్రమే. అక్కడ ఒక ఇనుప చట్రం అమర్చిన పొయ్యి, వెనుక చెట్ల చాటున గోడలు లేని ఒక మరుగుగుంట, గుడారం వేసుకోవడానికి కాస్త చదునైన నేల. అంతకు మించి ఏ సౌకర్యమూ లేదు.

సబ్బు నురుగు సరస్సులో కలవరాదు. స్నానమైనా, పాత్రలు కడగడమైనా నీటికి దూరంగా జరగాలి. పచ్చి చెట్టు కొమ్మ విరవరాదు; రాలిపడిన ఎండుకట్టెలే వంటకు. తెచ్చినది ఏదైనా తిరిగి తీసుకుపోవలసిందే. పండు తొక్క సహితం విడిచిరాదు.

ఈ నియమాలు విన్నవారికి మొదట విసుగు కలగవచ్చు. కాని సరస్సుకు నియమం ఉండడం మనకు కొత్త విషయం కాదు. మహాభారతంలోని అరణ్యపర్వం చివర యక్షప్రశ్నల ఘట్టం సరస్సు ఒడ్డునే జరిగింది. నకుల సహదేవులు, అర్జునుడు, భీముడు నలుగురూ దప్పికతో వచ్చారు. ఇది నాది, ముందు నా ప్రశ్నలకు సమాధానం చెప్పి పిదప తాగమని అదృశ్యవాణి పలికింది. వినక తాగి నేలకూలారు. వారి బలం, అస్త్రవిద్య అక్కడ పనికిరాలేదు. ధర్మరాజు దప్పికను నిగ్రహించి, ఆ నీటికి తనకంటె ముందు ఒక స్వామి ఉన్నాడని అంగీకరించి నిలబడ్డాడు. నలుగురి ప్రాణాలూ ఆ నిలబడడం వల్లనే తిరిగి వచ్చాయి.

ఇంకా పూర్వానికి పోతే తైత్తిరీయారణ్యకం ఉన్నది. అరణ్యంలో అధ్యయనం చేయదగినది కనుక అది ఆరణ్యకం. దాని ప్రథమ ప్రపాఠకమైన అరుణప్రశ్నను ఆంధ్రదేశంలోని కృష్ణయజుర్వేదులు సూర్యనమస్కారాలతో పారాయణ చేస్తారు. జలాలను అగ్నిస్వరూపంగా ఉపాసించేవాడు పాటించవలసిన వ్రతాలు అందులో ఉన్నాయి. నీటిలో మలమూత్రాలు విడువరాదు, ఉమ్మివేయరాదు, తామరాకులపై కాలు మోపరాదు, తాబేలును తినరాదు. ఇవి పరిశుభ్రతా సూత్రాలు మాత్రమే కావు. ఉపాస్యమైన దానిపట్ల ఉపాసకుని ప్రవర్తన ఎట్లుండాలో చెప్పే విధులు. నీరు గూఢమైన అగ్ని అని నమ్మినవాడు దానిలో ఎంగిలి విడువలేడు.

తండ్రి, కుమారుడు

ఆ తండ్రి కోనసీమలో సంస్కృతోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. డెబ్బది దాటిన వయస్సు. సంధ్యావందనం ఏనాడూ తప్పనివాడు; అరుణప్రశ్న కంఠస్థం. ఏకైక కుమారుడు మిన్నియాపోలిస్ నగరంలో ఉద్యోగి. క్రిందటి సంవత్సరం శ్రావణమాసంలో తల్లి స్వల్ప అస్వస్థతతో హఠాత్తుగా గతించింది. కుమారునికి విమానం దొరికి ఇల్లు చేరేటప్పటికి నాలుగవ దినం. దహనం తండ్రి చేతులమీదుగా జరిగిపోయింది. మిగిలిన క్రియలు కుమారుడు చేశాడు. పురోహితులు చెప్పిన మంత్రం చెప్పాడు, పెట్టమన్నచోట పిండం పెట్టాడు. కంట నీరు రాలేదు. తండ్రి గమనించాడు, ఏమీ అనలేదు. ఈ సంవత్సరం సాంవత్సరికం ముగిసిన తరువాత అతడు తండ్రిని తన వెంట తీసుకువెళ్ళాడు. ఒకే ఇంట నెలరోజులకు పైగా ఉన్నారు. కాఫీ గురించి, మందుల గురించి, వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఆమె పేరు ఇరువురి నోటా రాలేదు.

సెప్టెంబరు చివరి వారంలో సరస్సుల యాత్రకు అనుమతి ఉన్నదని కుమారుడు చెప్పినప్పుడు తండ్రి పంచాంగం తెరిచాడు. ఆ ప్రాంతపు కాలమానానికి సవరించి చూస్తే, ప్రవేశించే దినం భాద్రపద బహుళ అష్టమి, మరునాడు నవమి. మహాలయ పక్షంలోని ఆ నవమిని అవిధవా నవమి అంటారు. భర్త జీవించి ఉండగా గతించిన సువాసినుల కొరకు శాస్త్రం ప్రత్యేకించిన తిథి. తండ్రి జీవించి ఉన్న కుమారులు తల్లికై ఆచరించే శ్రాద్ధం అది. ఆమె పోయిన తరువాత వచ్చిన మొదటి మహాలయం ఇదే, ఏలయనగా సాంవత్సరికం కానిదే మహాలయం లేదు.

కుమారునికి గుర్తున్నదేమో చూద్దామని ఆయన మౌనం వహించాడు. గుర్తుంటే ప్రయాణం మానుతాడు, లేదా ఏదో ఏర్పాటు చేసి ఉంటాడు. శిష్యులను పరీక్షించే అలవాటు ఉపాధ్యాయులకు ఉద్యోగంతో పాటు విరమించదు.

నగరం నుండి నాలుగు గంటలు కారులో ప్రయాణించి ఈలీ అనే చిన్న ఊరు చేరారు. అక్కడ ఒక దుకాణంలో కుమారుడు ఒక సంచి ధాన్యం కొన్నాడు. మధ్యాహ్నానికి పడవ నీటిలో పడింది. కుమారుడు వెనుక కూర్చుని తెడ్డు వేశాడు. తండ్రి ముందు కూర్చున్నాడు. తెడ్డు నీటిని తాకే చప్పుడు, దాని నుండి జారే బిందువుల చప్పుడు, అంతే. తీరంలో బూర్జ వృక్షాలు పసుపు వర్ణానికి తిరిగాయి. మన పూర్వులు గ్రంథాలు వ్రాసుకొన్న భూర్జపత్రం ఆ జాతి వృక్షానిదేనని ఆయన చెప్పబోయి, ఎందుకో ఆగిపోయాడు.

సాయంకాలానికి ఒక రాతి చరియపై విడిది చేశారు. తండ్రి నీటి ఒడ్డున కూర్చుని సంధ్య వార్చుకున్నాడు. చీకటి పడ్డాక, ఆహారపు సంచిని ఎలుగుబంట్లకు అందకుండా దూరంగా రెండు చెట్ల నడుమ తాడుతో ఎత్తుగా కట్టి వచ్చిన కుమారుని ఆయన అడిగాడు.

“ఒరే నాయనా, రేపటి తిథి ఏమిటో చూశావా?”

“లేదు నాన్నగారూ. అనుమతి ఈ తేదీలకే దొరికింది. ఫిబ్రవరిలో తీసుకున్నాను.”

“రేపు అవిధవా నవమి.”

కుమారుడు చాలాసేపు పలకలేదు. తరువాత, “నాకు తెలియదు నాన్నగారూ” అన్నాడు. అతని గొంతులో సమర్థన లేదు. పరీక్ష పెట్టినవాడికి తృప్తి కలగవలసిన ఘడియ అది. కలగలేదు.

నీవారం

మరునాడు ఉదయం ఇరువురూ పడవలో ఒక నిస్సారమైన అఖాతం వైపు వెళ్ళారు. అక్కడ నీటిలో నుండి నిలువెత్తు గడ్డి లేచి ఉన్నది. కంకులు చాలావరకు రాలిపోయాయి. కొన్నిటిలో సన్నని ముళ్ళతో పొడవైన గింజలు మిగిలాయి. తండ్రి ముందుకు వంగి చూశాడు.

“ఇది నీవారం కదరా!”

ఓజిబ్వే అనే ఆదివాసులు దీనిని మనూమిన్ అంటారని కుమారుడు చెప్పాడు. వారి పూర్వులు తూర్పు సముద్రతీరం నుండి వలస వస్తూ, నీటిపై అన్నం పండే చోట ఆగవలెనన్న ఆదేశాన్ని అనుసరించి ఈ సరస్సుల వద్ద ఆగారని వారి ఐతిహ్యం. 1854లో ఈ భూములను ప్రభుత్వానికి ఇస్తూ చేసుకున్న ఒడంబడికలో సహితం, ఇక్కడ వేటాడే, చేపలు పట్టే హక్కును నిలుపుకొన్నారు. ధాన్యం కోసేటప్పుడు ఇద్దరు పడవలో వెళతారు. ఒకరు గడతో పడవను నడిపితే, మరొకరు రెండు తేలిక కర్రలతో కంకులను పడవలోకి వంచి మెల్లగా తడతారు. పండిన గింజ మాత్రమే రాలుతుంది. అందులోనూ కొంత నీటిలో పడుతుంది. ఆ పడినదే మరుసటి ఏటి పంట. విత్తేవాడు వేరే లేడు.

వృక్షశాస్త్రం ప్రకారం మన నీవారం, ఆ మనూమిన్ ఒకే జాతి కావు; వరి కుటుంబంలోనివే అయినా వేరువేరు తృణధాన్యాలు. కాని ఆ తండ్రికి కనిపించినది శబ్దార్థం. దున్నక, విత్తక, తనంత తాను పండినది నీవారం. మునులకు అదే ఆహారం. దుష్యంతుడు తపోవనాన్ని గుర్తుపట్టింది చెట్టు తొర్రల నుండి చిలుకలు రాల్చిన నీవారపు గింజలను చూసి. నారాయణసూక్తం హృదయంలోని అగ్నిశిఖను నీవారపు ముల్లంత సూక్ష్మమని వర్ణించింది. ఆయన ఆ సూక్తాన్ని అయిదు దశాబ్దాలుగా ప్రతిదినం పఠిస్తున్నాడు. నీటిలో నిలిచిన అడవిధాన్యపు ముల్లును ఇంత దగ్గరగా చూడడం ఇదే ప్రథమం. కోయడానికి చెయ్యి చాపలేదు. అది తమది కాదు. చూసి వెనుకకు మరలారు.

విడిదికి వచ్చాక కుమారుడు ఈలీలో కొన్న సంచి విప్పాడు. అది మనూమిన్ ధాన్యమే. “ఈ రోజుకు మునులు తినేది వండుదాం నాన్నగారూ” అన్నాడు. రాత్రంతా అతడు నిద్రపోలేదని తండ్రికి అప్పుడు అర్థమైంది. మునులు భుజించే ధాన్యాలు పితృకార్యానికి ప్రశస్తమని స్మృతులు చెబుతాయి. ఎండుకట్టెలతో పొయ్యి రాజేశారు. ఆ ధాన్యం ఉడకడానికి దాదాపు గంట పట్టింది. నల్లని గింజలు విచ్చుకొని లోపలి తెల్లదనం కనిపించింది. కాస్త నెయ్యి, బెల్లం కలిపారు.

అన్నపు ముద్ద

తండ్రి ఒక ముద్ద చేసి, శుభ్రమైన రాతిపై ఉంచి, వెనుకకు జరిగి నిలబడ్డాడు. కాకి కోసం.

కాకి రాలేదు. కొంతసేపటికి బూడిదరంగు రెక్కల పక్షి ఒకటి నిశ్శబ్దంగా వచ్చి దగ్గరి కొమ్మపై వాలింది. మనిషిని చూసి బెదరలేదు. కెనడా జే అనే ఆ పక్షి కాకి కుటుంబానికి చెందినదే. తండ్రి ముఖం వికసించింది.

“నాన్నగారూ, ఆ ముద్ద అక్కడ ఉంచకూడదు” అన్నాడు కుమారుడు.

ఆయన వినిపించుకోనట్లు నిలబడ్డాడు. కుమారుడు మరల అన్నాడు. అప్పుడు ఆయన వెనుదిరిగి, సంవత్సరకాలంగా అణచుకొన్నది ఒక్క వాక్యంలో వెడలినట్లు, “మీ అమ్మకు ఒక్క ముద్ద పెట్టడానికి కూడా వీళ్ళ అనుమతి కావాలటరా?” అన్నాడు.

కుమారుడు తగ్గు స్వరంతో చెప్పాడు. పక్షి తినేది కొంత. మిగిలిన దాని వాసనకు రాత్రి ఎలుగుబంటి వస్తుంది. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటి గుడారాల వెంట తిరుగుతుంది. తరువాత వచ్చేవారిలో పసిపిల్లలు ఉండవచ్చు. చివరకు ఆ జంతువును చంపవలసి వస్తుంది. “అమ్మ పేరుతో పెట్టిన అన్నం ఒక ప్రాణి చావుకు కారణం కాకూడదు కదా” అన్నాడు. తరువాత, ఇంకేదో చెప్పబోతున్నట్లు ఆగి, “ఆవిడ నోట్లో చివర నీళ్ళు పోయడానికి నేను లేను. ఇప్పుడీ ముద్ద కూడా తీయమని చెప్పేవాణ్ణి నేనే అయ్యాను” అన్నాడు. అని రాతిపై కూలబడి, ముఖం మోకాళ్ళలో దాచుకొని ఏడ్చాడు. పదమూడు నెలల తరువాత.

తండ్రి దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. వీపుపై చెయ్యి వేశాడు. ఏడుపు తగ్గేదాకా ఆ చెయ్యి తీయలేదు.

“ఈ తేదీలకు అనుమతి ఎందుకు తీసుకున్నావురా? మానేయవచ్చు కదా, ఇల్లుండగా.”

“ఈ సరస్సు ఫోటో చూసి అమ్మ అడిగింది. అక్కడ ఒక్క రాత్రి పడుకోనిస్తారా అని. వచ్చే ఏడు మీరిద్దరూ వచ్చినప్పుడు తీసుకువెళతానన్నాను.”

ఆయనకు ఆ సంగతి తెలియదు. నలభైయారు సంవత్సరాలు గోదావరి పాయ ఒడ్డున కాపురం చేసిన స్త్రీ సముద్రాల ఆవల ఉన్న ఒక సరస్సు తీరాన ఒక రాత్రి నిద్రించాలని కోరుకున్నది. భర్తకు చెప్పలేదు, అడిగితే నవ్వుతాడనుకున్నదేమో. తిథి మరచిన కుమారుడు ఆ మాటను మరువలేదు. పంచాంగం ప్రతిదినం చూసే భర్త ఆ మాటను ఎరుగనే ఎరుగడు. ఎవరి శ్రద్ధ ఎక్కువ అని తూచడానికి ఆ పిదప ఆయన ప్రయత్నించలేదు.

ఊర్ధ్వబాహువు

విష్ణుపురాణం తృతీయాంశంలో ఔర్వమహర్షి సగరచక్రవర్తికి శ్రాద్ధవిధి ఉపదేశిస్తాడు. సమర్థుడు ఏమి చేయాలో చెబుతాడు. అంతకు తక్కువవాడు ఏమి చేయాలో చెబుతాడు. అన్నం లేనివాడు, తిలలు మాత్రమే ఉన్నవాడు, గడ్డి మాత్రమే సమకూర్చుకొని గోవుకు వేయగలవాడు, ఇట్లా మెట్టు మెట్టుగా దిగి వస్తాడు. చివరి మెట్టు ఏమీ లేనివాడు. అతడు వనానికి వెళ్ళాలి. రెండు చేతులూ పైకెత్తి, బాహుమూలాలు కనబడేటట్లు నిలబడి, సూర్యాది లోకపాలకులు వినేటట్లు బిగ్గరగా చెప్పాలి: తన వద్ద ధనం లేదని, శ్రాద్ధానికి తగిన వస్తువు మరేదీ లేదని, పితృదేవతలకు నమస్కరిస్తున్నానని, తన భక్తితోనే వారు తృప్తి చెందాలని.

ఈ ఘట్టాన్ని ఆయన తరగతిలో అనేక పర్యాయాలు బోధించాడు. దరిద్రునికి శాస్త్రం చూపిన కరుణ అని వ్యాఖ్యానించేవాడు. వనానికే ఎందుకు వెళ్ళాలో ఏ విద్యార్థీ అడగలేదు, ఆయనకూ తోచలేదు. ఇంటి పెరట్లో చేతులు ఎత్తవచ్చు కదా. ఇంటిలో అయితే ‘నాకు ఏమీ లేదు’ అనే మాట సంపూర్ణంగా సత్యం కాదు. గోడ ఉన్నది, గిన్నె ఉన్నది, ఇల్లు నాదనే భావం ఉన్నది. వనంలో తనది అనదగినది ఏదీ ఉండదు. అక్కడ ధనికుడు కూడా ఏమీ లేనివాడే. ఆ మాట పలకడానికి అధికారం సిద్ధించే స్థలం కనుకనే ఋషి వనానికి పంపాడు.

ఆయన లేచి, రాతిపైని ముద్దను గింజ మిగలకుండా తిరిగి పాత్రలోకి తీశాడు. కుమారుని ఒడ్డుకు తీసుకువెళ్ళి దక్షిణాభిముఖంగా నిలబెట్టాడు. అపరాహ్ణం ఆరంభమవుతున్నది. ఆ అక్షాంశంలో, ఆ మాసంలో, సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణాకాశంలో సగం ఎత్తునే నిలుస్తాడు. పితృదిక్కుకు తిరిగినవాడు సూర్యునికే ఎదురు నిలుస్తాడు. సరస్సు మీద నుండి ఆ వెలుగు రెండవ పర్యాయం ముఖంపై పడుతుంది.

“చేతులెత్తు” అన్నాడు. శ్లోకాలు ఒక్కొక్క పాదంగా చెప్పాడు, కుమారుడు అనుసరించాడు. అర్థం తెలుగులో చెప్పి మరల చెప్పించాడు. ‘నాకు ఏమీ లేదు’ అన్నప్పుడు కుమారుని స్వరం స్థిరంగా ఉన్నది. చేతులు చాలాసేపు దించలేదు. గాలి చంకల క్రింది నుండి వీచింది.

శ్రద్ధతో చేయబడేది కనుక శ్రాద్ధం అని వ్యుత్పత్తి. ఆ దినాన వస్తువు లోపించింది, మంత్రం సంక్షిప్తమైంది, భోక్తలు లేరు. శ్రద్ధ లోపించలేదు. తరువాత ఇరువురూ ఆ పాత్రలోని అన్నాన్ని పితృశేషంగా భుజించారు. బూడిదరంగు పక్షి ఆ కొమ్మపైనే ఉన్నది.

“కాకి తినలేదు. అయినా వచ్చింది” అన్నాడు తండ్రి.

ఆ రాత్రి లూన్ పక్షి కూసింది. దాని కూత దీర్ఘంగా సాగి, ఆవలి తీరాన తగిలి తిరిగి వస్తుంది. తండ్రి ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన కొత్తలో వరదకు పడవ తిరగబడబోతే ఆమె భయపడక నవ్వడం, కుమారుడు పుట్టిన ఏడు పెరటిలో పనస మొక్క నాటడం, చివరి సాయంకాలం కాఫీలో చక్కెర ఎక్కువైందని ఆయన అనడం. అర్ధరాత్రి సమీపిస్తుండగా నవమి చంద్రుడు నల్లని చెట్ల అంచుపై ఉదయించాడు. ఇరువురూ గుడారంలోకి పోక ఆ రాతిపైనే పడుకున్నారు.

సాధకునికి

ఈ వృత్తాంతాన్ని విన్నవారిలో కొందరు, వనశాసనం శాస్త్రవిధిని అడ్డగించిందని అనుకోవచ్చు. భూతబలి గృహస్థధర్మం, ప్రాణులకు అన్నం పెట్టడం పుణ్యం, అందులో సందేహం లేదు. ఊరి కాకికి, వీధి కుక్కకు, గోవుకు పెట్టే అన్నం వాటిని పోషిస్తుంది, ఎందుకనగా అవి మనతో కలిసి జీవిస్తున్నవి. అరణ్యమృగానికి మన అన్నం విషం కాకపోయినా, మన సాంగత్యం దానికి మృత్యువు. విధి యొక్క తాత్పర్యం ప్రాణిపోషణ అయినప్పుడు, ప్రాణిహానికి దారితీసేచోట విధిని సంకోచింపజేయడమే తాత్పర్యాన్ని పాటించడం. దేశకాలపాత్రాలను విచారించమని శాస్త్రమే చెబుతున్నది.

మరొక సూక్ష్మం కలదు. మానవుడు విడిచిపోవలసిన వాటిలో చివరిది భోగ్యవస్తువు కాదు. ‘నా గుర్తు ఇక్కడ మిగలాలి’ అనే కోరిక. అది భక్తిరూపంలో వచ్చినప్పుడు గుర్తించడం మరీ కష్టం. పుష్కరాలలో గోదావరికి మనం సమర్పించామనుకున్న వస్త్రాలు, ప్లాస్టిక్ సంచులలోని పూలు, పటాలు మరునాటికి రేవు మెట్ల దగ్గర ఏ రూపంలో ఉంటాయో చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. సమర్పణ అనే పేరుతో నదికి మన భారాన్ని అప్పగించి వస్తున్నామా అని ప్రశ్నించుకోవాలి. అరుణప్రశ్న పారాయణ చేసే నోటికి ఆ ప్రశ్న మరింత తగినది.

ఈశావాస్యం తన మొదటి మంత్రంలోనే జగత్తు సమస్తం ఈశునిచే ఆవరింపబడినదని, త్యాగంతో అనుభవించమని, పరధనాన్ని కోరవద్దని ఉపదేశించింది. త్యాగంతో అనుభవించడం ఎట్లా అని సాధకులు అడుగుతుంటారు. ఒక రాత్రికి అనుమతి పొందిన రాతిచరియపై పడుకున్నవాడు చంద్రోదయాన్ని సంపూర్ణంగా అనుభవించాడు. అందులో ఒక్క రేణువు కూడా అతనిది కాదు. దేహం కూడా అటువంటి విడిదియే. ప్రవేశదినం, ద్వారం మనకంటె ముందే నిర్ణయమయ్యాయి. నిష్క్రమణదినం పత్రంపై వ్రాసి ఉన్నది, కాని మనకు చూపలేదు. దాంపత్యం, సంతానం, విద్య, చివరకు దుఃఖం కూడా ఆ విడిదిలో వాడుకొని తిరిగి అప్పగించవలసినవే.

దశమి నాటి ఉదయం తండ్రి సంధ్య ముగించి వచ్చేసరికి కుమారుడు గుడారం మడిచి కట్టాడు. పొయ్యిలోని బూడిదపై నీరు పోసి, చేతితో తాకి చల్లబడినదని నిర్ధారించుకున్నాడు. ఇరువురూ వంగి ఆ స్థలమంతా వెదకారు. ఒక దారపు పోగు, మూడు మనూమిన్ గింజలు దొరికాయి. తండ్రి వాటిని ఏరి ఉత్తరీయపు కొంగున ముడివేసుకున్నాడు. తరువాత వచ్చే అతిథులకు ఆ రాయి కడిగిన పీటవలె సిద్ధంగా ఉన్నది.

స్వస్తి.